కాపలా గ్రంథిని పట్టడానికి ఏది మేలు: అయస్కాంత నానో కణాలా, రేడియోధార్మిక ద్రవమా, రంగులా?

రొమ్ము క్యాన్సర్ కణాలు రొమ్ము దాటి బయటపడితే సాధారణంగా మొదట చేరేది చంకలోని లింఫ్ గ్రంథులకే. ఆ గ్రంథుల్లోనూ రొమ్ము నుంచి వచ్చే లింఫ్ ద్రవాన్ని అన్నిటికంటే ముందు అందుకునేవి ఒకటో రెండో మూడో ఉంటాయి. వైద్యులు వాటిని సెంటినల్ నోడ్ అంటారు, తెలుగులో కాపలా గ్రంథి అనుకోవచ్చు. దాన్ని తీసి పరీక్షించినప్పుడు క్యాన్సర్ కనిపించకపోతే వెనకున్న గ్రంథుల్లో ఉండే అవకాశం చాలా తక్కువ కనుక, మిగతా చంక జోలికి వెళ్లనక్కరలేదు. గ్రంథులన్నీ తీసివేసే పాత పద్ధతిలో కొందరికి ఏళ్ల తరబడి చేయి వాచి, పాత గాజులు ఎక్కక, బిందె ఎత్తలేక, చిన్న గాయమైనా చీము పట్టే పరిస్థితి వచ్చేది. ఆ బాధ తప్పించడానికే ఈ పరీక్ష పుట్టింది.

చిక్కంతా ఆ గ్రంథిని కనుక్కోవడంలో ఉంది. చిక్కుడు గింజంత గ్రంథి, చుట్టూ అదే రంగు కొవ్వు, పక్కనే అలాంటివే మరో ఇరవై. అందుకే రొమ్ములోకి ఏదో ఒక ద్రవ్యాన్ని ఎక్కించి, అది లింఫ్ దారి వెంట వెళ్లి ఎక్కడ ఆగుతుందో చూస్తారు. ఆ ద్రవ్యాన్ని ట్రేసర్ అంటారు. టెక్నీషియం అనే రేడియోధార్మిక ద్రవ్యం, మిథిలీన్ బ్లూ వంటి నీలి రంగులు, పరారుణ కాంతిలో మెరిసే ఇండోసయనిన్ గ్రీన్, అయస్కాంత నానో కణాలు అనే నాలుగింటిలో దేన్ని ఎంచుకోవాలన్న మీమాంసలో ఉన్న సర్జన్లకూ, ఈ పేర్లు విని ఏది అడగాలో తెలియని రోగులకూ వారి కుటుంబాలకూ ఈ పోలిక ఉద్దేశించినది. ఏది గ్రంథిని బాగా పడుతుందన్నది అందరూ మొదట అడిగే ప్రశ్న. నా అంచనాలో ఎంపికను తేల్చేది మాత్రం, ఎక్కించిన ద్రవ్యం శరీరంలో ఎంతకాలం నిలుస్తుందన్న ప్రశ్న. ఒకటి గంటల్లో కరిగిపోతుంది, ఒకటి నిమిషాల్లో దాటిపోతుంది, మరొకటి ఏళ్ల పాటు ఉండిపోతుంది. ప్రతి ట్రేసర్ బలమూ బలహీనతా ఆ కాలంలోనే ఉన్నాయి.

## ముందుగా, అసలు ఈ పరీక్ష కావాలా?

ట్రేసర్ గురించి ఆలోచించే ముందు ఈ మాట అడగడం ఇప్పుడు తప్పనిసరి అయింది. 2 సెంటీమీటర్ల లోపు కణితి ఉండి, అల్ట్రాసౌండ్‌లో చంక శుభ్రంగా కనిపించిన స్త్రీలలో కాపలా గ్రంథిని తీయకపోయినా ఫలితాలు దెబ్బతినలేదని 2023లో వెలువడిన సౌండ్ అధ్యయనం చూపింది. రొమ్మును నిలిపి కణితిని మాత్రమే తీసే శస్త్రచికిత్స చేయించుకున్న స్త్రీలలో 2024 చివర వచ్చిన ఇన్‌సెమా అధ్యయనం కూడా అదే దిశలో తేల్చింది. వయసు మళ్లినవారిలో, హార్మోన్లకు స్పందించే చిన్న కణితులున్నవారిలో ఏ ట్రేసరూ అక్కరలేకపోవచ్చు. గ్రంథి ఫలితాన్ని బట్టి తర్వాతి మందులు మారేటట్లుంటేనే మిగిలిన చర్చకు అర్థం ఉంటుంది.

## దేనితో కొలవాలి

మొదటిది పట్టుకునే శక్తి. ఇందులో రెండు అంకెలుంటాయి, వాటిని కలిపేయకూడదు. వంద శస్త్రచికిత్సల్లో ఎన్నిటిలో కాపలా గ్రంథి దొరికిందన్నది ఒక అంకె. చంకలో నిజంగా క్యాన్సర్ ఉన్నవారిలో ఎందరికి కాపలా గ్రంథి శుభ్రంగా ఉందని తప్పుడు భరోసా వచ్చిందన్నది రెండోది. ప్రచారపత్రాల్లో మొదటి అంకెను పెద్ద అక్షరాల్లో వేస్తారు, రోగికి కావలసింది రెండోది. అమెరికా, కెనడాల్లో 5,611 మంది స్త్రీలతో జరిగిన బి-32 అధ్యయనంలో రేడియోధార్మిక ద్రవ్యాన్నీ నీలి రంగునూ కలిపి వాడినప్పుడు గ్రంథి దొరికిన శాతం 97.2, తప్పుడు భరోసా శాతం 9.8. అయినా కాపలా గ్రంథితో ఆగినవారికీ చంకంతా శుభ్రం చేయించుకున్నవారికీ ఆయుర్దాయంలో తేడా కనిపించలేదు. కొత్తగా వచ్చే ఏ ట్రేసరునైనా ఈ జంట పద్ధతి పక్కన నిలబెట్టే చూడాలి.

రెండోది కాలం. అంటే ఎక్కించాక ఎంతసేపటికి గ్రంథికి చేరుతుంది, చేరాక ఎంతకాలం గుర్తించగలిగేలా ఉంటుంది అన్నవి. మూడోది ఆసుపత్రిలో ఉండవలసిన యంత్రాలూ అనుమతులూ. నాలుగోది రోగి ఒంటితీరు, అంటే అలెర్జీ, గర్భం, వాడుతున్న మందులు, గుండెకు పెట్టిన పేస్‌మేకర్ వంటివి. అయిదోది తరచూ మరచిపోయేది, శస్త్రచికిత్స తర్వాత రొమ్ముకు ఎమ్మారై తీయవలసి వస్తుందా అన్నది. ఖర్చును చివర పెట్టాను. అది చిన్న విషయమని కాదు, పై అయిదూ తేలకుండా ధర ఎంతో అడిగితే తప్పుడు జవాబు వస్తుందని.

## టెక్నీషియం-99ఎం: ఆరు గంటల గడియారం

1993లో డేవిడ్ క్రాగ్ బృందం రొమ్ము క్యాన్సర్‌లో రేడియేషన్‌ను పసిగట్టే గామా ప్రోబ్ అనే చేతి పరికరంతో కాపలా గ్రంథిని వెతికినప్పటి నుంచి ఇదే ప్రమాణం. రేడియోధార్మికత అంటించిన అతి సూక్ష్మ కణాలను రొమ్ములోకి ఎక్కిస్తారు. అవి గ్రంథిలో చిక్కుకుంటాయి. చర్మం మీద నుంచే ప్రోబ్ టకటకమంటూ ఏ మూల వెతకాలో చెబుతుంది కనుక కోత చిన్నదిగా పెట్టవచ్చు. కావాలంటే ముందుగా గామా కెమెరాతో చిత్రం తీసి, ద్రవం చంకకు కాక రొమ్ము ఎముక వెనుక గ్రంథులకు పోతోందా అన్నదీ చూడవచ్చు. ఆ సౌలభ్యం నీలి రంగుకు లేదు. రేడియేషన్ మోతాదు చాలా తక్కువ. గర్భిణులకు నీలి రంగులు వద్దనుకున్న చోట చాలామంది వైద్యులు దీనివైపే మొగ్గుతారు.

టెక్నీషియం అర్ధాయుష్షు ఆరు గంటలు. ఆరు గంటలకు సగం, పన్నెండు గంటలకు పావు, ఒక రోజు గడిచేసరికి పదహారో వంతు మిగులుతుంది. ఆదిలాబాద్ నుంచి హైదరాబాద్ దాదాపు 300 కిలోమీటర్లు, రోడ్డు మీద గడిచే సమయంలోనే సగం ఆవిరవుతుంది. న్యూక్లియర్ మెడిసిన్ విభాగం ఒక ఊళ్లో, ఆపరేషన్ థియేటర్ మరో ఊళ్లో ఉన్నప్పుడు రోగి ఉదయం ఒకచోట సూది వేయించుకుని మధ్యాహ్నానికి మరోచోట బల్ల మీద ఉండాలి. థియేటర్ జాబితాలో ముందున్న కేసు ఆలస్యమైతే, మత్తు డాక్టరు రక్తపోటు ఎక్కువగా ఉందని వాయిదా వేస్తే, ఆ సూది వృథా.

టెక్నీషియాన్ని ఇచ్చే మాలిబ్డినం-99 అర్ధాయుష్షు 66 గంటలు మాత్రమే కనుక దాన్ని నింపి పంపే జనరేటర్లు అనే పెట్టెలు ఆసుపత్రులకు మళ్లీ మళ్లీ రావలసిందే. ఆ మాలిబ్డినం ప్రపంచంలో వేళ్ల మీద లెక్కపెట్టగల అణు రియాక్టర్లలో తయారవుతుంది. 2009లో కెనడాలోని చాక్ రివర్ రియాక్టర్ మూతపడి, నెదర్లాండ్స్‌లోని పెట్టెన్ రియాక్టర్ కూడా మరమ్మతులకు ఆగినప్పుడు ప్రపంచమంతటా ఎన్నో స్కాన్లు వాయిదా పడ్డాయి. అయస్కాంత కణాలవైపు సర్జన్లు ఆసక్తిగా చూడటానికి ఆ కొరత ఒక కారణం. మన దేశంలో వీటిని వాడే ఆసుపత్రికి అణుశక్తి నియంత్రణ మండలి అనుమతి, శిక్షణ పొందిన సిబ్బంది, వ్యర్థాల నిర్వహణ తప్పనిసరి. ఇవన్నీ ఇప్పటికే ఉన్న పెద్ద కేంద్రంలో ఒక్కో రోగికి అయ్యే అదనపు ఖర్చు పెద్దది కాదు. లేని చోట కేవలం కాపలా గ్రంథి కోసం ఇదంతా కట్టుకోవడం అర్థం లేని పని.

## నీలి రంగులు: చవక, కానీ ఒంటరిగా చాలవు

ఐసోసల్ఫాన్ బ్లూ, పేటెంట్ బ్లూ, మిథిలీన్ బ్లూ అన్న మూడింటిలో మన దగ్గర ఎక్కువగా కనిపించేది మిథిలీన్ బ్లూయే, ఎందుకంటే అది ప్రతి మందుల స్టోరులో దొరుకుతుంది. రోగికి మత్తు ఇచ్చాక సూది వేసి, అయిదు నిమిషాలు రొమ్మును మర్దన చేసి, చంకలో కోసి, నీలి దారం లాంటి లింఫ్ నాళం వెంట వెళితే నీలి గ్రంథి కనిపించాలి. కనిపించకపోతే వెతకడానికి వేరే ఆధారం ఉండదు, ప్రోబ్ లేదు, చప్పుడు లేదు. అందుకే లావుగా ఉన్నవారిలోనూ, కొత్తగా నేర్చుకుంటున్న చేతుల్లోనూ ఇది ఒక్కటే తరచూ దెబ్బతీస్తుంది. ఆలస్యమైతే రంగు మొదటి గ్రంథిని దాటి తర్వాతి వాటికి పోతుంది.

దుష్ఫలితాలు అరుదైనా తేలిగ్గా తీసుకోదగ్గవి కావు. బ్రిటన్‌లో పేటెంట్ బ్లూ ఎక్కించిన 7,917 మందిలో 0.9 శాతానికి ప్రతిక్రియలు వచ్చాయి. వాటిలో ఎక్కువ భాగం చర్మం మీద దద్దుర్లు, కొన్ని మాత్రం రక్తపోటు పడిపోయేంత తీవ్రం. మిథిలీన్ బ్లూకు ఆ అలెర్జీ తక్కువ, కానీ చర్మానికి మరీ దగ్గరగా ఎక్కిస్తే అక్కడి చర్మం చచ్చిపోవచ్చు. కుంగుబాటుకు వాడే కొన్ని మందులతో కలిస్తే మెదడులో సెరటోనిన్ అనే రసాయనం ప్రమాదకరంగా పెరగవచ్చు, జీ6పీడీ అనే ఎంజైము లోపం ఉన్నవారిలో ఎర్ర రక్తకణాలు పగిలిపోతాయి. రోగి నిద్ర మాత్రలో మనసుకు సంబంధించిన మందులో వాడుతూ సంకోచంతో చెప్పకపోతే, అడిగి తెలుసుకోవలసిన బాధ్యత వైద్యుడిదే. మత్తు డాక్టరుకు ముందే చెప్పాలి కూడా, ఎందుకంటే రంగు రక్తంలో కలిసినప్పుడు వేలికి తగిలించిన ఆక్సిజన్ మీటరు తప్పుడు అంకె చూపి థియేటర్లో కంగారు పుట్టిస్తుంది. మర్నాడు మూత్రం ఆకుపచ్చగా వస్తే భయపడవద్దని రోగికి చెప్పడం కూడా ఈ పద్ధతిలో భాగమే.

## ఇండోసయనిన్ గ్రీన్: కంటికి కనిపించని వెలుగు

గుండె, కాలేయం పరీక్షల్లో 1950ల చివరి నుంచీ, తర్వాత కంటి పరీక్షల్లోనూ వాడుతున్న రంగు ఇది. 800 నానోమీటర్ల చుట్టుపక్కల పరారుణ కాంతి పడితే మెరుస్తుంది, ఆ మెరుపును ప్రత్యేక కెమెరా తెరపై చూపుతుంది. చర్మం మీదుగా లింఫ్ నాళం పాకుతూ వెళ్లడం తెర మీద కళ్లారా చూడటం నేర్చుకునేవారికి మంచి పాఠం. గ్రంథిని పట్టే శక్తిలో ఇది టెక్నీషియానికి తీసిపోదు. అయోడిన్ కలిసి ఉంటుంది కనుక ఆ అలెర్జీ ఉన్నవారికి వాడరు.

అయితే వెలుగు కొవ్వును ఒక సెంటీమీటరు మించి పెద్దగా దాటలేదు. థియేటర్ దీపాలు తగ్గించాలి. కోతలో నాళం తెగితే ద్రవం కారి గాయమంతా మెరిసిపోయి, గ్రంథి ఏదో కొవ్వు ఏదో తెలియకుండా పోతుంది. అణువు చాలా చిన్నది కావడంతో మొదటి గ్రంథిలో నిలవక ముందుకు పోతుంది, దాంతో అవసరానికి మించి గ్రంథులు తీసే అవకాశం ఉంటుంది. మందు చవకే, కెమెరాయే ఖరీదు. ల్యాప్రోస్కోపీ కోసం ఆ కెమెరా ఇప్పటికే కొన్న ఆసుపత్రి దీన్ని కాదనుకోవడానికి కారణం లేదు.

## అయస్కాంత నానో కణాలు: పోనంటే పోని ట్రేసర్

ఐరన్ ఆక్సైడ్ గింజలకు కార్బాక్సీడెక్స్‌ట్రాన్ అనే చక్కెర జాతి పూత పూసి తయారుచేసిన ముదురు గోధుమ రంగు ద్రవం ఇది. పూతతో కలిపి ఒక్కో కణం దాదాపు 60 నానోమీటర్లు. ఆ కొలత ఊరికే ఎంచుకున్నది కాదు. కణం కొద్ది నానోమీటర్లకు తగ్గితే గ్రంథిలో ఆగకుండా జారిపోతుంది, కొన్ని వందలకు పెరిగితే సూది వేసిన చోటు నుంచే కదలదు. మధ్యస్థంగా ఉన్నప్పుడు లింఫ్ వెంట ప్రయాణించి, కాపలా గ్రంథిలో బయటి పదార్థాలను మింగే మాక్రోఫేజ్ కణాల నోట పడుతుంది. ఇవి సూపర్‌పారామాగ్నెటిక్ కణాలు. బయటి అయస్కాంత క్షేత్రం ఉన్నంతసేపే అయస్కాంతాల్లా స్పందించి, అది తీసేయగానే మామూలైపోతాయి కనుక ఒకదానికొకటి అతుక్కుని ఉండలు కట్టవు. సర్జన్ చేతిలోని ప్రోబ్ తీగచుట్ట నుంచి మారుతూ ఉండే చిన్న క్షేత్రాన్ని పంపి, కణాలు తిరిగి ఇచ్చే స్పందనను అంకెగా, చప్పుడుగా మారుస్తుంది.

లండన్ యూనివర్సిటీ కాలేజీ, హ్యూస్టన్ విశ్వవిద్యాలయాల పరిశోధనల నుంచి పుట్టిన ఎండోమాగ్నెటిక్స్ సంస్థ ఈ పద్ధతిని మొదట సియెన్నా ప్లస్, తర్వాత మాగ్‌ట్రేస్ పేర్లతో తెచ్చింది. ప్రోబ్ పేరు సెంటిమాగ్. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2018 జులైలో అనుమతించింది, 2024లో అమెరికా కంపెనీ హోలాజిక్ ఎండోమాగ్నెటిక్స్‌ను కొనుక్కుంది. మైకేల్ డూవెక్ నాయకత్వంలో 160 మంది స్త్రీలపై జరిగి 2014లో ప్రచురితమైన అధ్యయనంలో ప్రతి రోగికీ రెండు పద్ధతులూ వాడి చూశారు. జంట పద్ధతిలో 95.0 శాతం మందిలో, అయస్కాంత పద్ధతిలో 94.4 శాతం మందిలో గ్రంథి దొరికింది. తర్వాత ఉత్తర యూరప్ దేశాల అధ్యయనంలోనూ రెండూ 97 శాతం చుట్టూనే నిలిచాయి. అంటే పట్టుకునే శక్తిలో గెలుపోటములు లేవు. ఎవరైనా ఈ కారణంతోనే అయస్కాంత పద్ధతిని మెరుగైనదని అమ్మజూపితే ఆ మాటను పక్కన పెట్టవచ్చు.

తేడా థియేటర్లో మొదలవుతుంది. సూది వేసి, అయిదు నిమిషాలు మర్దన చేసి, కనీసం 20 నిమిషాలు ఆగాలి. చంక తెరిచాక ప్రోబ్ పెడితే సన్నని కూత మొదలై గ్రంథికి దగ్గరయ్యే కొద్దీ స్థాయి పెరుగుతుంది. సరిగ్గా ఆ క్షణంలో సహాయకుడు అలవాటుగా స్టీలు రిట్రాక్టరుతో గాయం అంచు లాగితే ప్రోబ్ కెవ్వుమంటుంది. అది గ్రంథికి కాదు, ఇనుముకు వచ్చిన కూత. స్టీలు పరికరాలన్నీ పక్కకు తీసి, ప్లాస్టిక్ రిట్రాక్టర్లు పెట్టి, ప్రోబ్‌ను మళ్లీ సున్నాకు తెచ్చుకుని కొలవాలి. ఇలా ఒక్కో గ్రంథికీ చేయాలి. మొదటి పది పదిహేను కేసుల్లో ఇది విసుగు పుట్టిస్తుంది. దానికి ప్రతిఫలంగా గ్రంథి కంటికీ కనిపిస్తుంది, కొవ్వు మధ్య గోధుమ నలుపు రంగులో, ముక్కుపొడుం రాసినట్టుగా. గామా పద్ధతిలో పాటించే నియమమే ఇక్కడా పాటిస్తారు, అంటే అన్నిటికంటే ఎక్కువ అంకె చూపిన గ్రంథిలో పదో వంతుకు మించి చూపే వాటినన్నిటినీ తీస్తారు.

దీని అసలు బలం కాలంలో ఉంది. కణాలకు అర్ధాయుష్షు లేదు, అవి గ్రంథిలో వారాల తరబడి ఉంటాయి. శస్త్రచికిత్సకు రోజుల ముందే, బయటి రోగుల విభాగంలోనే సూది వేసేయవచ్చు. కేసు రేపటికో వచ్చే వారానికో వాయిదా పడినా పోయేదేమీ లేదు.

పాల నాళాలు దాటని తొలిదశ క్యాన్సర్‌కు, అంటే డీసీఐఎస్‌కు రొమ్ము మొత్తం తీసివేసే స్త్రీల విషయంలో ఈ బలం ఎంతటిదో తెలుస్తుంది. వారిలో చాలామందికి చంక పరీక్ష అక్కరలేదు. కానీ తీసిన రొమ్మును పాథాలజీలో కోసి చూసినప్పుడు కొందరిలో నాళం దాటిన క్యాన్సర్ బయటపడుతుంది. అప్పటికి రొమ్ము లేదు, ట్రేసర్ ఎక్కించడానికి చోటు లేదు, కాపలా గ్రంథి ఏదో తెలుసుకునే దారి మూసుకుపోతుంది. ఆ భయంతోనే అందరికీ ముందుజాగ్రత్తగా గ్రంథి తీసేవారు. స్వీడన్‌లో ఆండ్రియాస్ కరకట్సానిస్ బృందం చేసిన సెంటినాట్ అధ్యయనంలో మొదటి శస్త్రచికిత్సప్పుడు అయస్కాంత కణాలను ఎక్కించి చంకను ముట్టుకోకుండా వదిలేశారు. పాథాలజీ నివేదిక వచ్చాక అవసరమైనవారికి మాత్రమే వారాల తర్వాత వెళ్లి, అప్పటికీ గ్రంథిలో ఉన్న కణాలను ప్రోబ్‌తో పట్టి తీశారు. ప్రతి అయిదుగురిలో దాదాపు నలుగురికి చంక శస్త్రచికిత్స తప్పింది. ఆరు గంటల్లో సగమైపోయే టెక్నీషియంతో ఈ పని ఊహించలేం. అయస్కాంత కణాలకు ఇంతకంటే గట్టి కారణం నాకు కనిపించలేదు.

ఇక రెండో వైపు. గ్రంథిలో నిలిచే కణాలే సూది వేసిన చోటా నిలుస్తాయి. రొమ్మును నిలిపే శస్త్రచికిత్స చేయించుకున్న స్త్రీకి రెండు రకాల ఇబ్బందులు రావచ్చు. మొదటిది చర్మం మీద గోధుమ రంగు మచ్చ. ఉత్తర యూరప్ అధ్యయనంలో 35.5 శాతం మందికి వచ్చింది, 15 నెలల తర్వాత 8.6 శాతంలో మిగిలింది. మచ్చ అందానికి సంబంధించినదని కొట్టిపారేసే వైద్యులున్నారు. అప్పటికే కుట్ల గీత మోస్తున్న మనిషికి ఆ మాట ఓదార్పు కాదు.

రెండోది ఎమ్మారై, ఇది మచ్చ కంటే చాలా పెద్ద విషయం. ఇనుము ఉన్న చోట ఎమ్మారైలో నల్లని గుంత ఏర్పడి, పక్కనున్న కణజాలాన్ని కూడా మింగేస్తుంది. నెలలు గడిచినా, కొందరిలో ఏళ్లు గడిచినా ఆ నలుపు పోదు. ఆ నలుపు వెనుక మళ్లీ కణితి పుడితే రేడియాలజిస్టుకు కనిపించదు. మోతాదు తగ్గించి, చర్మం దగ్గర కాకుండా కణితి దగ్గర లోతుగా ఎక్కిస్తే, కణితితో పాటే చాలా ఇనుము బయటికి వచ్చేస్తుంది కనుక రెండు ఇబ్బందులూ తగ్గుతాయి, పూర్తిగా పోవు. కాంట్రాస్ట్ ఇచ్చి తీసే మామోగ్రఫీ కొంతవరకు ప్రత్యామ్నాయమే గానీ అది అన్ని ఊళ్లలో లేదు.

ఇనుము ఒంట్లో పేరుకుపోతే ప్రమాదం కదా అని చాలామంది అడుగుతారు. మన శరీరంలో ఎప్పుడూ 3 నుంచి 4 గ్రాముల ఇనుము ఉంటుంది, ఈ సూదిలో ఉండేది కొన్ని పదుల మిల్లీగ్రాములే, అది క్రమంగా ఆ నిల్వలోనే కలుస్తుంది. ఇనుము పేరుకునే జబ్బు ఉన్నవారికీ, ఐరన్ లేదా డెక్స్‌ట్రాన్ సూదులకు అలెర్జీ వచ్చినవారికీ, ఛాతీలో పేస్‌మేకరో లోహపు పరికరమో ఉన్నవారికీ మాత్రం ఇది వద్దు.

## ట్రేసరే లేని దారి

పోలిక పట్టికల్లో కనిపించని అయిదో మార్గం ముంబయి టాటా మెమోరియల్ ఆసుపత్రి చూపింది. చంకలో అడ్డంగా పోయే ఇంటర్‌కాస్టోబ్రేకియల్ నరాల్లో మొదటిదాన్ని గుర్తుగా పెట్టుకుని, దాని కింది భాగంలోని కొవ్వును గ్రంథులతో సహా తీసి పరీక్షిస్తారు. యంత్రం లేదు, మందు లేదు, కావలసింది శరీర నిర్మాణం తెలిసిన చేయి. వారి అధ్యయనంలో కాపలా గ్రంథి పరీక్షకు ఇది తీసిపోలేదు. రెండు మూడు గ్రంథుల బదులు ఎక్కువ గ్రంథులు పోతాయన్నది దీని లోటు. అయినా ఏ ప్రోబూ లేని జిల్లా ఆసుపత్రిలో నీలి రంగు ఒక్కదానితో తడుముకోవడం కంటే ఇది నిజాయతీ గల పద్ధతి.

## ఒక్క చూపులో

| చూడవలసినది | టెక్నీషియం | మిథిలీన్ బ్లూ | ఇండోసయనిన్ గ్రీన్ | అయస్కాంత కణాలు |
|---|---|---|---|---|
| గ్రంథిని పట్టే శక్తి | ఎక్కువ | ఒంటరిగా తక్కువ | ఎక్కువ | ఎక్కువ |
| సూది ఎప్పుడు | అదే రోజు లేదా ముందు రోజు | మత్తు ఇచ్చాక | మత్తు ఇచ్చాక | 20 నిమిషాల నుంచి వారాల ముందు వరకు |
| కోతకు ముందే చోటు తెలుస్తుందా | తెలుస్తుంది | తెలియదు | సన్నగా ఉన్నవారిలో | చాలామందిలో |
| కావలసిన ఏర్పాటు | న్యూక్లియర్ మెడిసిన్, అనుమతులు, గామా ప్రోబ్ | ఏమీ అక్కరలేదు | పరారుణ కెమెరా | అయస్కాంత ప్రోబ్, ప్లాస్టిక్ పరికరాలు |
| ఎవరికి వద్దు | దాదాపు అందరికీ సరిపోతుంది | గర్భిణులు, జీ6పీడీ లోపం, కొన్ని మానసిక మందులు | అయోడిన్ అలెర్జీ | ఐరన్ అలెర్జీ, పేస్‌మేకర్ |
| తర్వాతి ఎమ్మారై | ఇబ్బంది లేదు | ఇబ్బంది లేదు | ఇబ్బంది లేదు | నెలలు, ఏళ్లు పాడుచేయవచ్చు |

## మీ పరిస్థితికి ఏది

పట్టిక చూస్తే అన్నీ సమానమన్నట్టు కనిపిస్తుంది. మనిషిని బట్టి చూస్తే అలా ఉండదు.

హైదరాబాద్, విశాఖపట్నం వంటి చోట న్యూక్లియర్ మెడిసిన్ విభాగం ఉన్న ఆసుపత్రిలో చికిత్స జరుగుతుంటే మార్చవలసిన పని లేదు, టెక్నీషియమూ నీలి రంగూ కలిపి వాడటం ఇప్పటికీ మంచి ఎంపిక. కొత్త యంత్రం వచ్చిందన్న ఉత్సాహం కాక అక్కడ అయస్కాంత ప్రోబ్‌కు వేరే కారణం ఉండాలి. డీసీఐఎస్‌కు రొమ్ము మొత్తం తీసే కేసులు ఎక్కువగా వస్తుంటే ఆ కారణం ఉన్నట్టే.

శ్రీకాకుళమో కరీంనగరో వంటి ఊళ్లో రొమ్ము శస్త్రచికిత్సలు క్రమం తప్పకుండా చేస్తూ, టెక్నీషియం అందని సర్జన్‌కు నిజమైన పోటీ ఇండోసయనిన్ గ్రీన్‌కూ అయస్కాంత కణాలకూ మధ్యనే. ల్యాప్రోస్కోపీ విభాగంలో పరారుణ కెమెరా ఉందేమో ముందు చూడండి, ఉంటే దానికి నీలి రంగు జోడించి మొదలుపెట్టండి. లేకపోతే ఏడాదికి ఎన్ని కేసులో లెక్క వేసుకుని, ట్రేసర్ సరఫరా నికరంగా ఉంటుందో లేదో, దానికి మన దేశంలో అనుమతి ఏ స్థాయిలో ఉందో కనుక్కున్న తర్వాతే ప్రోబ్ మాట ఎత్తాలి. నెలకు ఒకటి రెండు కేసులే వచ్చే చోట ఏ యంత్రమూ చేతికి అలవాటు కాదు. అలాంటప్పుడు టాటా పద్ధతి నేర్చుకోవడమో, రోగిని పెద్ద కేంద్రానికి పంపడమో మేలు.

ముందు కీమో తీసుకుని, అంతకుముందు చంకలో ఉన్న క్యాన్సర్ కరిగిపోయిందని ఆశిస్తున్న రోగి విషయం వేరు. కీమో వల్ల లింఫ్ దారులు మచ్చకట్టి మూసుకుపోయి ఉండవచ్చు. జడ్‌1071 అధ్యయనంలో ఒకే ట్రేసర్ వాడినవారిలో తప్పుడు భరోసా 20.3 శాతం, రెండు వాడినవారిలో 10.8 శాతం. ఇక్కడ ఏ రెండు అన్నది కాక, రెండు అన్నదే ముఖ్యం. కనీసం మూడు గ్రంథులు తీయాలి, కీమోకు ముందే క్యాన్సర్ ఉన్న గ్రంథిలో గుర్తుగా చిన్న క్లిప్పు పెట్టి ఉంటే దాన్నీ వెతికి తీయాలి.

రొమ్ము క్యాన్సర్ ముప్పును పెంచే బ్రాకా జన్యులోపం ఉన్నవారికీ, ఇంకా నలభై దాటని వారికీ, రొమ్ము కణజాలం మరీ దట్టంగా ఉండి మామోగ్రామ్‌లో ఏమీ తేలనివారికీ, పాలు తయారయ్యే గ్రంథుల్లో మొదలయ్యే లోబ్యులర్ రకం క్యాన్సర్ వచ్చినవారికీ రాబోయే సంవత్సరాల్లో ఎమ్మారై అవసరం పడే అవకాశం ఎక్కువ. రొమ్మును నిలుపుకొంటున్నట్లయితే వీరు అయస్కాంత కణాలను వద్దనాలని నా అభిప్రాయం. వేరే ట్రేసర్ అసలే దొరకని పరిస్థితి ఒక్కటే మినహాయింపు. రొమ్ము పూర్తిగా తీసివేస్తున్నట్లయితే ఈ అభ్యంతరం చాలావరకు తొలగిపోతుంది, తీసిన కణజాలంతోనే ఇనుమూ వెళ్లిపోతుంది.

ఆరోగ్యశ్రీ కింద చేయించుకునేవారు ట్రేసర్ ఖర్చు ప్యాకేజీలో ఉందా, బయట కట్టాలా అన్నది చేరేటప్పుడే అడగాలి. థియేటర్ బయట కూర్చున్నప్పుడు వచ్చే చీటీ మీద బేరం ఆడే స్థితిలో ఎవరూ ఉండరు.

## అయస్కాంతం పేరుతో వచ్చే మరో రెండు

కాపలా గ్రంథిని ఎక్కడుందో చూపడం ఒకటి, అందులో క్యాన్సర్ ఉందో లేదో కోయకుండానే చెప్పడం మరొకటి. మాగ్‌ట్రేస్ వంటివి మొదటి పని మాత్రమే చేస్తాయి, రెండోది పాథాలజిస్టు పని. రెండో పనికి కూడా ఐరన్ ఆక్సైడ్ కణాలను వాడజూశారు. ఫెరుమాక్స్‌ట్రాన్-10 ఎక్కించి ఎమ్మారై తీస్తే ఆరోగ్యంగా ఉన్న గ్రంథి నల్లబడుతుంది, క్యాన్సర్ ఆక్రమించిన భాగం నల్లబడదు. ప్రోస్టేట్ క్యాన్సర్ ఉన్న 80 మందిపై 2003లో ప్రచురితమైన అధ్యయనంలో ఈ విధానం క్యాన్సర్ ఉన్న గ్రంథుల్లో 90.5 శాతాన్ని పట్టింది, మామూలు ఎమ్మారై 35.4 శాతాన్నే పట్టింది. అంత ఆశ పుట్టించినా అమెరికాలో దానికి అనుమతి రాలేదు, నెదర్లాండ్స్‌లోని నైమేఖన్‌లో మాత్రం పరిశోధన కొనసాగింది.

రక్తంలో తిరిగే క్యాన్సర్ కణాలను అయస్కాంత కణాలతో పట్టి లెక్కపెట్టే సెల్‌సెర్చ్ పరీక్షకు 2004లో అమెరికా అనుమతి దొరికింది. 7.5 మిల్లీలీటర్ల రక్తంలో అయిదు లేదా అంతకు మించి కణాలుంటే, అప్పటికే ఇతర అవయవాలకు పాకిన రొమ్ము క్యాన్సర్ తీవ్రంగా సాగవచ్చని అది సూచిస్తుంది. ఆరోగ్యంగా ఉన్న మనిషిలో క్యాన్సర్ ఉందో లేదో తేల్చే పరీక్ష కాదు, చంక పరీక్షకు బదులూ కాదు. ఈ రెండిటినీ ఒకే అయస్కాంత వైద్యంగా కలిపి చెప్పే ప్రకటనలు కనిపిస్తే డబ్బు కట్టే ముందు మీ ఆంకాలజిస్టును అడగండి.

## అయస్కాంత కణాలు ఎంచుకున్నట్లయితే

ఒక కాగితం పని మిగులుతుంది. ఏ రొమ్ములోకి, ఏ తేదీన, ఎన్ని మిల్లీలీటర్లు, చర్మం దగ్గరా లోతుగానా ఎక్కించారో డిశ్చార్జ్ సమ్మరీలో రాయించుకోండి. మూడేళ్ల తర్వాత మరో ఊళ్లో, ఈ శస్త్రచికిత్స సంగతే తెలియని రేడియాలజిస్టు ముందుకు ఎమ్మారై చిత్రంలో ఒక నల్లని గుంత వచ్చినప్పుడు, అది పాత సూది తాలూకు ఇనుమో, క్లిప్పో, మరింకేదో తేల్చుకోవడానికి ఆయనకు దొరికే ఆధారం ఆ ఒక్క వాక్యమే. ఎమ్మారై గదిలోకి వెళ్లే ముందు నింపే ఫారంలో లోహం ఉందా అన్న ప్రశ్న దగ్గర కూడా ఆ విషయం రాయాలి, సమ్మరీ జిరాక్సు చేతిలో ఉంచుకోవాలి.